ఎంబెడెడ్ ఓఎస్: రైలు కవచ్ నుంచి వెంటిలేటర్ దాకా.. ఈ సాఫ్ట్‌వేర్ రాయడం నేర్చుకోవాలంటే ఎలా? శిక్షణ, టూల్స్ పూర్తి వివరాలు

సికింద్రాబాద్ పద్మారావు నగర్. ఓ పక్క గాంధీ ఆస్పత్రి. ఇంకో పక్క సీతాఫల్‌మండి మీదుగా వెళ్లే రైలు పట్టాలు. ముషీరాబాద్ రోడ్డు పైన మెట్రో గ్రీన్ లైన్. ఐసీయూలో వెంటిలేటర్, పట్టాల మీద రైలింజిన్, పిల్లర్ల పైన మెట్రో.. ఈ మూడింట్లోనూ కంప్యూటర్లు ఉంటాయి. కానీ వాటికి మనకు తెలిసిన కీబోర్డు, మౌస్ ఉండవు. వాటిలో నడిచే సాఫ్ట్‌వేర్ పేరు కూడా చాలామందికి తెలియదు. ఫోన్ హ్యాంగ్ అయితే స్విచాఫ్ చేసి ఆన్ చేస్తాం. వెంటిలేటర్ విషయంలో ఆ మాట అనడానికి లేదు.

ఇలాంటి పరికరాల లోపల పనిచేసే ఆపరేటింగ్ సిస్టమ్‌నే ఎంబెడెడ్ ఓఎస్ అంటారు. దీన్ని రాసేవాళ్లు, మార్చేవాళ్లు, పరీక్షించేవాళ్లు ఏం చదవాలి? ఏ టూల్స్ వాడతారు? హైదరాబాద్, సికింద్రాబాద్‌లో శిక్షణ ఎక్కడ దొరుకుతుంది? డబ్బులు కట్టే ముందు ఏం చూసుకోవాలి? ఇంజినీరింగ్ విద్యార్థులకు, వాళ్ల తల్లిదండ్రులకు ఉపయోగపడే వివరాలు ఇవీ.

ఇంతకీ ఎంబెడెడ్ ఓఎస్ అంటే ఏంటి?

ల్యాప్‌టాప్‌లో విండోస్, ఫోన్‌లో ఆండ్రాయిడ్ ఏం చేస్తాయో ఇదీ అదే చేస్తుంది. ప్రాసెసర్ సమయాన్ని పనుల మధ్య పంచుతుంది. మెమరీని పంచుతుంది. సెన్సర్లు, మోటార్లు, రేడియోలతో మాట్లాడుతుంది. తేడా ఎక్కడంటే, ల్యాప్‌టాప్ వంద రకాల పనులు చేయాలి. ఎంబెడెడ్ పరికరం ఒకటి రెండు పనులే చేస్తుంది, కానీ ఏళ్ల తరబడి ఆగకుండా చేయాలి. మెమరీ కూడా తక్కువ. కొన్ని చిప్‌లలో మొత్తం మెమరీ కిలోబైట్లలోనే ఉంటుంది. ఫోన్‌లో తీసిన ఒక్క ఫొటో సైజంత కూడా ఉండదు.

అన్ని పరికరాలకూ ఓఎస్ అవసరం లేదు. రిమోట్ కంట్రోల్, చిన్న టైమర్ లాంటి వాటిలో ఓఎస్ లేకుండా నేరుగా చిప్ మీదే ప్రోగ్రామ్ నడుస్తుంది. దీన్ని 'బేర్ మెటల్' అంటారు. పనులు పెరిగి, ఒకదానికొకటి అడ్డుపడే పరిస్థితి వచ్చినప్పుడు ఓఎస్ కావాలి.

'రియల్ టైమ్' అంటే స్పీడ్ అనుకుంటే పొరపాటే

ఈ రంగంలో ఎక్కువగా వినిపించే మాట ఆర్‌టీఓఎస్. అంటే రియల్ టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్. రియల్ టైమ్ అనగానే చాలా వేగంగా పనిచేసేది అనుకుంటారు. అసలు అర్థం అది కాదు. చెప్పిన గడువులోగా పని కచ్చితంగా పూర్తవడం రియల్ టైమ్.

ఉదాహరణకు కారు ఎయిర్‌బ్యాగ్. గుద్దుకున్న కొన్ని మిల్లీ సెకన్లలోనే తెరుచుకోవాలి. ఒక సెకను తర్వాత తెరుచుకుంటే, లెక్క సరిగ్గానే వేసినా ప్రయోజనం సున్నా. ఇది 'హార్డ్ రియల్ టైమ్'. వీడియో చూస్తుంటే ఒక ఫ్రేమ్ ఆలస్యమైంది, చిరాకొస్తుంది కానీ ప్రమాదం లేదు. ఇది 'సాఫ్ట్ రియల్ టైమ్'.

గడువు తప్పదని ముందే లెక్కగట్టి చెప్పొచ్చా? చెప్పొచ్చు. 1973లో సీఎల్ లియు, జేమ్స్ లేలాండ్ అనే ఇద్దరు దీనికో పద్ధతి చూపించారు. తరచుగా వచ్చే పనికి ఎక్కువ ప్రాధాన్యం ఇవ్వాలి. అలా ఇచ్చినప్పుడు, ఒకదానితో ఒకటి సంబంధం లేని పనులన్నీ కలిపి ప్రాసెసర్‌ను దాదాపు 69 శాతం లోపు వాడుకుంటే, ఎన్ని పనులున్నా ఒక్క గడువూ తప్పదని నిరూపించారు. 'రేట్ మోనోటోనిక్' పేరుతో ఈ పాఠం ఇప్పటికీ ప్రతి ఆర్‌టీఓఎస్ కోర్సులో ఉంటుంది. ఇంటర్వ్యూల్లోనూ అడుగుతారు.

సికింద్రాబాద్ చుట్టూ పెరిగిన ఉదాహరణ.. కవచ్

ఎంబెడెడ్ సాఫ్ట్‌వేర్ విలువ ఏంటో చెప్పడానికి ఎక్కడికో వెళ్లక్కర్లేదు. రైళ్లు ఢీకొనకుండా ఆపే దేశీయ వ్యవస్థ కవచ్ ఎదిగింది దక్షిణ మధ్య రైల్వేలోనే. ప్యాసింజర్ రైళ్లపై తొలి ఫీల్డ్ ట్రయల్స్ 2016 ఫిబ్రవరిలో ఇక్కడే మొదలయ్యాయి. 2020 జులైలో దీన్ని జాతీయ ఆటోమేటిక్ ట్రెయిన్ ప్రొటెక్షన్ వ్యవస్థగా తీసుకున్నారు. లక్నోలోని ఆర్‌డీఎస్‌ఓ ఆధ్వర్యంలో దీన్ని తయారు చేసిన తొలి మూడు కంపెనీలు మేధా సర్వో డ్రైవ్స్, హెచ్‌బీఎల్, కెర్నెక్స్ మైక్రోసిస్టమ్స్. మూడూ హైదరాబాద్‌వే.

2022 మార్చి 4న గుల్లగూడ - చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య జరిగిన పరీక్ష చాలామందికి గుర్తుండే ఉంటుంది. రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ ఇంజిన్‌లో ఉండగా, ఎదురుగా ఉన్న ఇంకో ఇంజిన్‌కు 380 మీటర్ల దూరంలోనే కవచ్ తనంతట తానే బ్రేకులు వేసి ఆపేసింది.

ఇది ఎలా పనిచేస్తుంది? పట్టాల మధ్య ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులు ఉంటాయి. ఇంజిన్ వాటిని చదివి తానెక్కడ ఉందో తెలుసుకుంటుంది. స్టేషన్‌లోని యూనిట్‌తో రేడియోలో మాట్లాడుతుంది. ముందున్న సిగ్నల్ ఏంటి, ఎంత స్పీడ్‌లో వెళ్లొచ్చు అనేది ఎప్పటికప్పుడు లెక్క వేస్తుంది. లోకో పైలట్ స్పందించకపోతే బ్రేక్ వేస్తుంది. ట్యాగ్ చదవడం, రేడియో సందేశం వినడం, స్పీడ్ కొలవడం, బ్రేక్ లెక్కకట్టడం.. ఇవన్నీ ఒకే సమయంలో, ఒకదానికొకటి అడ్డురాకుండా జరగాలి. ఎంబెడెడ్ డెవలపర్ పని సరిగ్గా ఇదే.

కవచ్‌కు ఉండాల్సిన భద్రత స్థాయి ఎస్ఐఎల్-4. ఈ కొలమానంలో ఇదే అత్యున్నత స్థాయి. ప్రమాదకరమైన వైఫల్యం గంటకు పది కోట్లలో ఒక వంతు కంటే తక్కువ అవకాశంతో మాత్రమే జరగాలని అర్థం. అందుకే కోడ్ రాయడానికి పట్టే సమయం కంటే, అది సరైనదేనని నిరూపించడానికి పట్టే సమయం ఎక్కువ. 2024 జులై 16న కవచ్ 4.0 వెర్షన్‌కు ఆర్‌డీఎస్‌ఓ ఆమోదం తెలిపింది.

2023 జూన్ 2న ఒడిశాలోని బాలేశ్వర్‌లో జరిగిన ఘోర ప్రమాదం తర్వాత కవచ్ పేరు ఇంటింటికీ తెలిసింది. ఆ మార్గంలో అప్పటికి కవచ్ లేదు. దేశంలోని మిగతా మార్గాలకు దీన్ని తీసుకెళ్లాలంటే పరికరాలు ఒక్కటే సరిపోవు, వాటిని అర్థం చేసుకున్న ఇంజినీర్లు, టెక్నీషియన్లు కావాలి. ఆ శిక్షణ కేంద్రం పద్మారావు నగర్‌కు కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉంది.

తార్నాక ఇరిసెట్.. 1957 నుంచి

సికింద్రాబాద్ తార్నాకలోని ఇరిసెట్ అంటే రైల్వే సిగ్నల్ ఇంజినీరింగ్, టెలికమ్యూనికేషన్స్ శిక్షణ సంస్థ. 1957 నవంబర్ 24న మొదలైంది. దేశం నలుమూలల నుంచి రైల్వే సిగ్నల్ ఇంజినీర్లు ఇక్కడికే వచ్చి నేర్చుకుంటారు. కవచ్‌కు సంబంధించిన సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్ కూడా ఇక్కడే ఉంది.

రైల్వే శాఖ 2025 జులైలో చెప్పిన ప్రకారం, అప్పటికి 30 వేల మందికి పైగా టెక్నీషియన్లు, ఆపరేటర్లు, ఇంజినీర్లు కవచ్‌పై శిక్షణ పొందారు. బీటెక్ సిలబస్‌లో కవచ్‌ను పాఠంగా చేర్చేందుకు 17 ఏఐసీటీఈ గుర్తింపు ఉన్న ఇంజినీరింగ్ కాలేజీలు, యూనివర్సిటీలతో ఇరిసెట్ ఒప్పందాలు చేసుకుంది. అంటే రైల్వే ఉద్యోగం రాకముందే, కాలేజీలోనే ఈ పరిజ్ఞానం అందే దారి తెరుచుకుంది. తమ కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో విద్యార్థులు డిపార్ట్‌మెంట్‌లో ఓసారి అడిగి తెలుసుకోవడం మంచిది.

మార్స్ మీద రీసెట్.. అంబులెన్స్, బరాత్ కథ

ఆర్‌టీఓఎస్ నేర్చుకునే ప్రతి ఒక్కరూ చదివే కేసు ఒకటుంది. 1997 జులై 4న నాసా పంపిన పాత్‌ఫైండర్ మార్స్ మీద దిగింది. కొద్ది రోజులకే దాని కంప్యూటర్ తనంతట తానే రీసెట్ అవడం మొదలైంది. దాంట్లో వాడిన ఓఎస్ వీఎక్స్‌వర్క్స్.

సమస్య ఏంటో అర్థం కావాలంటే ఓ ఇరుకు సందును ఊహించుకోవాలి. సందులో ఓ తోపుడు బండి వెళ్తోంది. వెనకాల అంబులెన్స్ వచ్చి ఆగింది. బండి బయటికెళ్తే చాలు, అంబులెన్స్ దూసుకుపోతుంది. సరిగ్గా అప్పుడే సందు చివర పెళ్లి బరాత్ అడ్డొచ్చింది. బరాత్ ముందు బండివాడి మాట చెల్లదు, ఆగిపోయాడు. ఇప్పుడు అందరికంటే ముందు వెళ్లాల్సిన అంబులెన్స్, బరాత్ అయిపోయేదాకా ఆగాల్సి వచ్చింది.

పాత్‌ఫైండర్‌లో జరిగిందీ ఇదే. వాతావరణ సమాచారం సేకరించే తక్కువ ప్రాధాన్యం పని తోపుడు బండి. డేటా బస్‌ను చూసుకునే అత్యవసర పని అంబులెన్స్. మధ్యలో ప్రాధాన్యం ఉన్న కమ్యూనికేషన్ పని బరాత్. అత్యవసర పని సమయానికి జరగలేదని గమనించిన 'వాచ్‌డాగ్' టైమర్ మొత్తం సిస్టమ్‌ను రీసెట్ చేసేది. దీనికి 'ప్రయారిటీ ఇన్వర్షన్' అని పేరు.

పరిష్కారం 'ప్రయారిటీ ఇన్హెరిటెన్స్'. అంటే అంబులెన్స్ వెనకాల ఆగినంతసేపు తోపుడు బండికి కూడా అంబులెన్స్ హోదా ఇవ్వడం. అప్పుడు బరాతే ఆగుతుంది, బండి తప్పుకుంటుంది, అంబులెన్స్ వెళ్లిపోతుంది. ఈ సౌకర్యం వీఎక్స్‌వర్క్స్‌లో ముందే ఉంది, కాకపోతే ఆ చోట ఆన్ చేయలేదు. ఇంజినీర్లు భూమ్మీద ఉన్న నకలు సిస్టమ్‌లో ట్రేసింగ్ టూల్స్‌తో సమస్యను మళ్లీ రప్పించి, కారణం పట్టుకుని, భూమ్మీద నుంచే మార్పు పంపారు.

ఈ కేసులో రెండు పాఠాలున్నాయి. ఒకటి, కాన్సెప్ట్ తెలియకపోతే ఎంత మంచి ఓఎస్ అయినా కాపాడలేదు. రెండు, ట్రేసింగ్ టూల్ చేతిలో లేకపోతే ఇలాంటి తప్పు దొరకదు.

ఏ ఓఎస్‌లు నేర్చుకోవాలి?

ఫ్రీఆర్‌టీఓఎస్: రిచర్డ్ బ్యారీ రూపొందించారు. 2017 నుంచి అమెజాన్ చూసుకుంటోంది. సోర్స్ కోడ్ ఉచితం. కెర్నల్ చాలా చిన్నది కాబట్టి, మొదటి నుంచి చివరిదాకా చదివి అర్థం చేసుకోవచ్చు. దీనిపై ఉచితంగా దొరికే అధికారిక పుస్తకం కూడా ఉంది. కొత్తవాళ్లకు ఇదే మంచి మొదలు.

జెఫైర్: 2016లో లినక్స్ ఫౌండేషన్ కింద మొదలైంది. బ్లూటూత్, నెట్‌వర్కింగ్, భద్రత అన్నీ కలిపి వస్తాయి. లినక్స్‌లాగే డివైస్ ట్రీ, కాన్ఫిగరేషన్ పద్ధతి వాడుతుంది. కాబట్టి రెండింటికీ పనికొస్తుంది.

థ్రెడ్ఎక్స్: 2019లో మైక్రోసాఫ్ట్ కొనుక్కుంది. తర్వాత ఎక్లిప్స్ ఫౌండేషన్‌కు అప్పగించింది. ఇప్పుడు ఇదీ ఓపెన్ సోర్సే.

ఎంబెడెడ్ లినక్స్: రౌటర్లు, సెట్‌టాప్ బాక్సులు, కెమెరాలు, కార్ల స్క్రీన్లలో ఎక్కువగా ఉంటుంది. గడువు కచ్చితంగా పాటించేలా చేసే 'ప్రీఎంప్ట్ ఆర్‌టీ' మార్పులు ఏళ్ల తరబడి విడిగా ఉండేవి. 2024 నవంబర్‌లో వచ్చిన 6.12 వెర్షన్‌తో అవి అసలు లినక్స్ కెర్నల్‌లోనే కలిసిపోయాయి.

వీఎక్స్‌వర్క్స్, క్యూఎన్‌ఎక్స్: ఇవి కంపెనీలు డబ్బు కట్టి వాడే ఓఎస్‌లు. అంతరిక్షం, రక్షణ, విమానాలు, కార్లలో కనిపిస్తాయి. క్యూఎన్‌ఎక్స్‌ను వ్యాపారేతర అవసరాలకు ఉచితంగా నేర్చుకునే లైసెన్స్ కూడా ఇస్తున్నారు.

టూల్స్.. ఏవి కావాలి? ఖర్చెంత?

శుభవార్త ఏంటంటే, నేర్చుకోవడానికి కావాల్సిన టూల్స్‌లో ఎక్కువ భాగం ఉచితం. పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసుకున్నా చాలు.

1. క్రాస్ కంపైలర్: ల్యాప్‌టాప్‌లో రాసిన సీ కోడ్‌ను వేరే చిప్ భాషలోకి మార్చేది. జీసీసీ, ఎల్ఎల్‌వీఎం రెండూ ఉచితమే.

2. ఎమ్యులేటర్: బోర్డు కొనకుండానే ల్యాప్‌టాప్‌లో చిప్‌ను అనుకరించేది. క్యూఈఎంయూ, రెనోడ్ ఎక్కువగా వాడతారు. ఫ్రీఆర్‌టీఓఎస్, జెఫైర్, లినక్స్ మూడింటినీ క్యూఈఎంయూలో నడిపి చూడొచ్చు. మొదటి రెండు నెలలు ఒక్క రూపాయి ఖర్చు లేకుండా గడిచిపోతాయి.

3. డీబగ్గర్: ప్రోగ్రామ్‌ను మధ్యలో ఆపి లోపల ఏం జరుగుతోందో చూపించేది. జీడీబీ, ఓపెన్ఓసీడీ సాఫ్ట్‌వేర్ వైపు. జేట్యాగ్ లేదా ఎస్‌డబ్ల్యూడీ అనే కనెక్షన్ బోర్డు వైపు. ఎస్‌టీఎం32 న్యూక్లియో బోర్డుల మీద డీబగ్గర్ కలిపే వస్తుంది, విడిగా కొనక్కర్లేదు.

4. బోర్డు: ఈఎస్‌పీ32, రాస్ప్‌బెర్రీ పై పికో లాంటివి వెయ్యి రూపాయల లోపే దొరుకుతాయి. ఎంబెడెడ్ లినక్స్‌కు వెళ్లినప్పుడు రాస్ప్‌బెర్రీ పై లేదా బీగల్‌బోన్ లాంటి పెద్ద బోర్డు కావాలి.

5. లాజిక్ అనలైజర్: తీగల మీద వెళ్లే సిగ్నల్‌ను ల్యాప్‌టాప్ స్క్రీన్ మీద చూపిస్తుంది. విద్యార్థులకు సరిపోయే చిన్నవి తక్కువ ధరకే వస్తాయి. ఆసిలోస్కోప్ మాత్రం ఖరీదైనది. కాలేజీ ల్యాబ్‌లో ఉన్నదాన్ని వాడుకోవడమే తెలివైన పని.

6. బిల్డ్ టూల్స్: సొంత లినక్స్ ఇమేజ్ తయారు చేయడానికి బిల్డ్‌రూట్, యోక్టో. బూట్ చేయడానికి యూ-బూట్. ముందు బిల్డ్‌రూట్‌తో మొదలుపెడితే తేలిక. ఉద్యోగాల్లో ఎక్కువగా అడిగేది యోక్టో.

7. ట్రేసింగ్, కోడ్ పరిశీలన: లినక్స్‌లో ఎఫ్‌ట్రేస్, పెర్ఫ్. సీ కోడ్‌లో ప్రమాదకరమైన అలవాట్లను ఆపే మిస్రా సీ నియమాలు 1998లో కార్ల పరిశ్రమ కోసం వచ్చాయి. ఇప్పుడు అన్ని రంగాల్లోనూ పాటిస్తున్నారు.

బోర్డులు, సెన్సర్లు, విడిభాగాలు కొనాలంటే కోఠిలోని గుజరాతీ గల్లీ హైదరాబాద్ ఎలక్ట్రానిక్స్ విద్యార్థులందరికీ తెలిసిన చోటే. పద్మారావు నగర్ వైపు వాళ్లు గాంధీ హాస్పిటల్ స్టేషన్‌లో మెట్రో ఎక్కితే సుల్తాన్ బజార్‌లో దిగి నడిచి వెళ్లొచ్చు. పాత ల్యాప్‌టాప్, ర్యామ్, హార్డ్ డిస్క్ లాంటి వాటికి సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి సీటీసీ దగ్గర. సొంత సర్క్యూట్ బోర్డు, ప్రొటోటైప్ తయారు చేసే దశకు వస్తే రాయదుర్గంలో 2023 మార్చిలో ప్రారంభమైన టీ-వర్క్స్ ఉంది.

దేశీయ చిప్‌లపై ఆసక్తి ఉంటే ఐఐటీ మద్రాస్ 'శక్తి', సీడ్యాక్ 'వేగ' ప్రాసెసర్లు చూడొచ్చు. రెండూ రిస్క్-ఫైవ్ అనే ఉచిత డిజైన్ మీద ఆధారపడినవే. వేగ ప్రాసెసర్‌తో సీడ్యాక్ 'ఏరీస్' పేరుతో విద్యార్థుల కోసం బోర్డులు కూడా తెచ్చింది. కేంద్రం 2022 ఏప్రిల్‌లో డీఐఆర్-వీ పేరుతో రిస్క్-ఫైవ్ కార్యక్రమం మొదలుపెట్టింది.

శిక్షణ ఎక్కడ?

సీడ్యాక్: కేంద్ర ప్రభుత్వ సంస్థ. ఎంబెడెడ్ సిస్టమ్స్ డిజైన్‌లో పీజీ డిప్లొమా ఉంది. దాదాపు ఆరు నెలల ఫుల్‌టైమ్ కోర్సు. సీ ప్రోగ్రామింగ్, మైక్రోకంట్రోలర్లు, ఎంబెడెడ్ ఓఎస్, డివైస్ డ్రైవర్లు, ఆర్‌టీఓఎస్ అన్నీ సిలబస్‌లో ఉంటాయి. సీ-క్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఏడాదికి రెండు బ్యాచ్‌లు. హైదరాబాద్‌లోనూ సీడ్యాక్ కేంద్రం ఉంది. ఏ కేంద్రంలో ఏ కోర్సు, ఎన్ని సీట్లు, ఫీజు ఎంత అనేవి ప్రతి బ్యాచ్‌కూ అడ్మిషన్ బుక్‌లెట్‌లో ఇస్తారు. దరఖాస్తుకు ముందు అది చదవడం తప్పనిసరి.

ఎంటెక్: జేఎన్‌టీయూ పరిధిలోని కాలేజీల్లో ఎంబెడెడ్ సిస్టమ్స్ ఎంటెక్ ఉంది. తెలంగాణలో గేట్ లేదా టీజీ పీజీఈసెట్ ర్యాంకుతో సీట్లు. కాలేజీ ఎంచుకునేటప్పుడు పేరు కంటే ల్యాబ్‌లో ఏ బోర్డులున్నాయో చూడాలి. ఇంకా 8051 చిప్ దగ్గరే ఆగిపోయిన ల్యాబ్ అయితే మిగతాది సొంతంగా నేర్చుకోవాల్సిందే.

ఉచితంగా, ఆన్‌లైన్‌లో: ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల రియల్ టైమ్ సిస్టమ్స్, ఎంబెడెడ్ సిస్టమ్స్ పాఠాలు ఉచితం. సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. ఐఐటీ ఖరగ్‌పూర్ ప్రొఫెసర్ రాజీబ్ మాల్ పాఠాలు, ఆయన రియల్ టైమ్ సిస్టమ్స్ పుస్తకం ఈ సబ్జెక్టులో బాగా పేరున్నవి. లినక్స్ ఫౌండేషన్ కెర్నల్ డెవలప్‌మెంట్‌పై ప్రాథమిక కోర్సు ఉచితంగా ఇస్తోంది. ఫ్రాన్స్‌కు చెందిన బూట్లిన్ అనే సంస్థ ఎంబెడెడ్ లినక్స్, డ్రైవర్లు, యోక్టోపై తన శిక్షణ స్లైడ్లు, ల్యాబ్ పుస్తకాలు మొత్తం ఆన్‌లైన్‌లో పెట్టింది. డబ్బు కట్టి నేర్చుకునే కోర్సు మెటీరియల్ అది, చదువుకోవడానికి మాత్రం పైసా అక్కర్లేదు.

ప్రైవేట్ కోచింగ్: అమీర్‌పేట సహా నగరంలో చాలాచోట్ల ఉంది. మంచి ట్రైనర్ దొరికితే ఆరు నెలల పని మూడు నెలల్లో అవుతుంది. దొరక్కపోతే డబ్బు, సమయం రెండూ పోతాయి. అందుకే కింద చెప్పిన ప్రశ్నలు ముఖ్యం.

ఫీజు కట్టే ముందు అడగాల్సిన 6 ప్రశ్నలు

* ప్రతి విద్యార్థికీ విడిగా బోర్డు ఇస్తారా, లేక నలుగురికి ఒకటా?

* కోర్సు పూర్తయ్యేసరికి విద్యార్థి సొంతంగా ఒక డివైస్ డ్రైవర్ రాస్తాడా? పాత బ్యాచ్ వాళ్లు రాసిన కోడ్ చూపిస్తారా?

* ఏ లినక్స్ కెర్నల్ వెర్షన్ మీద నేర్పుతున్నారు? పదేళ్ల కిందటి వెర్షన్ అయితే ఆలోచించాలి.

* డీబగ్గర్, లాజిక్ అనలైజర్ చేతికిస్తారా? స్క్రీన్ మీద చూపించి వదిలేస్తారా?

* ట్రైనర్ ఈ రంగంలో పనిచేశారా? ఒక డెమో క్లాస్ కూర్చోనిస్తారా?

* ఫీజు రసీదు, రిఫండ్ నిబంధనలు రాతపూర్వకంగా ఇస్తారా?

'ఉద్యోగం గ్యారంటీ', 'బ్యాక్‌డోర్ ఆఫర్' అని లక్షలు అడిగితే అక్కడే ఆగిపోవాలి. ఇలా డబ్బులు తీసుకుని బోర్డు తిప్పేసిన కేసులు హైదరాబాద్‌లో ఎన్నో నమోదయ్యాయి. అప్పు చేసి కట్టిన తల్లిదండ్రులే ఎక్కువగా నష్టపోతున్నారు. దొంగ అనుభవ పత్రాలతో చేరినా బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో బయటపడితే ఉద్యోగం పోవడమే కాదు, తర్వాతి కంపెనీల్లోనూ ఇబ్బందే. ఇప్పటికే డబ్బు కట్టి మోసపోతే స్థానిక పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు చేయాలి. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే వెంటనే 1930కి, సేవాలోపం అయితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కాల్ చేయొచ్చు.

ఏ వరుసలో నేర్చుకుంటే బాగుంటుంది?

మొదట సీ లాంగ్వేజ్. పాయింటర్లు, బిట్ ఆపరేషన్లు, స్ట్రక్చర్లు రాకుండా ముందుకెళ్లొద్దు. ఇక్కడ తొందరపడిన వాళ్లే తర్వాత ఎక్కువ ఇబ్బంది పడతారు.

రెండోది, ఓఎస్ లేకుండా బోర్డు మీద ఎల్ఈడీ వెలిగించడం, టైమర్, ఇంటరప్ట్ రాయడం. చిప్ డేటాషీట్ చదివే అలవాటు ఇక్కడే రావాలి.

మూడోది ఫ్రీఆర్‌టీఓఎస్. రెండు మూడు టాస్కులు, క్యూ, మ్యూటెక్స్ వాడాలి. పాత్‌ఫైండర్ సమస్యను కావాలనే తెచ్చి, మళ్లీ సరిచేయాలి. పది ఇంటర్వ్యూ ప్రశ్నలు బట్టీ పట్టడం కంటే ఈ ఒక్క ప్రయోగం ఎక్కువ నేర్పుతుంది.

నాలుగోది లినక్స్. కెర్నల్‌ను సొంతంగా బిల్డ్ చేసి, క్యూఈఎంయూలో బూట్ చేసి, చిన్న క్యారెక్టర్ డ్రైవర్ రాయాలి. తర్వాత డివైస్ ట్రీ, బిల్డ్‌రూట్, యోక్టో.

ఐదోది ఓపెన్ సోర్స్‌లో చిన్న సవరణ పంపడం. డాక్యుమెంటేషన్‌లో తప్పు దిద్దినా సరే. సీనియర్ ఇంజినీర్లు చేసే కోడ్ రివ్యూ ఉచితంగా దొరికే చోటు అదే. రెజ్యూమెలో పది సర్టిఫికెట్ల కంటే, జెఫైర్‌లోనో లినక్స్‌లోనో ఆమోదం పొందిన ఒక్క ప్యాచ్ ఎక్కువ మాట్లాడుతుంది.

వీటితో పాటు తాము వెళ్లాలనుకునే రంగంలోని భద్రతా ప్రమాణం పేరైనా తెలిసుండాలి. రైల్వేకు ఈఎన్ 50128, కార్లకు ఐఎస్‌ఓ 26262, వైద్య పరికరాలకు ఐఈసీ 62304, విమానాలకు డీఓ-178సీ. కోడ్ ఎలా రాయాలి, ఎలా పరీక్షించాలి, ప్రతి మార్పునూ ఎలా నమోదు చేయాలి అనేది ఇవే చెబుతాయి.

ఉద్యోగాలు ఎక్కడ?

కవచ్ తయారు చేసే కంపెనీలు హైదరాబాద్‌లోనే ఉన్నాయి. 1967లో మొదలైన ఈసీఐఎల్ ఇక్కడిదే, ఈవీఎంలు తయారు చేసే రెండు సంస్థల్లో అదొకటి. డీఆర్‌డీఓ ల్యాబ్‌లు ఉన్నాయి. 2020లో సిలికాన్ ల్యాబ్స్ రెడ్‌పైన్ సిగ్నల్స్ వైఫై, బ్లూటూత్ వ్యాపారాన్ని కొన్నప్పుడు హైదరాబాద్ డిజైన్ సెంటర్ కూడా దాంతోపాటే వెళ్లింది. 2023లో బ్లాక్‌బెర్రీ హైదరాబాద్‌లో ఐఓటీ ఇంజినీరింగ్ సెంటర్ ప్రకటించింది. క్యూఎన్‌ఎక్స్ ఆ కంపెనీదే. అదే ఏడాది మైక్రోచిప్ కొత్త ఆర్ అండ్ డీ సెంటర్ తెరిచింది. క్వాల్‌కామ్, ఏఎండీ లాంటి చిప్ కంపెనీలకూ ఇక్కడ పెద్ద ఆఫీసులున్నాయి.

ఉద్యోగ ప్రకటనల్లో 'ఎంబెడెడ్ ఓఎస్ డెవలపర్' అని కనిపించకపోవచ్చు. బీఎస్‌పీ ఇంజినీర్, ఫర్మ్‌వేర్ ఇంజినీర్, డివైస్ డ్రైవర్ డెవలపర్, ప్లాట్‌ఫామ్ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్.. ఈ పేర్లతో వెతకాలి.

తరచూ వచ్చే సందేహాలు

ఈసీఈ వాళ్లకేనా? సీఎస్ఈ వాళ్లు రావచ్చా? రావచ్చు. ఈసీఈ వాళ్లకు హార్డ్‌వేర్ ముందే తెలిసి ఉంటుంది, కోడింగ్ మీద ఎక్కువ కష్టపడాలి. సీఎస్ఈ వాళ్లకు ఓఎస్ థియరీ తెలుసు, డేటాషీట్, సర్క్యూట్ చదవడం నేర్చుకోవాలి.

వెబ్ డెవలప్‌మెంట్ కంటే కష్టమా? నేర్చుకోవడానికి ఎక్కువ సమయం పడుతుంది. మొదటి ఉద్యోగం రావడం కూడా ఆలస్యం కావచ్చు. ఆ సంగతి తెలిసే ఈ దారిలోకి రావాలి.

పైథాన్ వస్తే చాలా? చాలదు. టెస్టింగ్, ఆటోమేషన్‌కు పైథాన్ పనికొస్తుంది. కెర్నల్, డ్రైవర్లు మాత్రం సీలోనే. లినక్స్ కెర్నల్‌లోకి రస్ట్ లాంగ్వేజ్ కూడా వచ్చింది కానీ, ముందు సీ రావాల్సిందే.

ఏఐతో కోడ్ రాయించుకుంటే సరిపోదా? సాయం తీసుకోవచ్చు. కానీ బోర్డు మీద అది సమయానికి నడుస్తోందో లేదో కొలిచి చూసేది మనిషే. ఎస్ఐఎల్-4 లాంటి చోట ప్రతి లైన్ ఎందుకుందో కారణం చూపించి సంతకం పెట్టాలి. ఆ సంతకం పెట్టే ఇంజినీర్‌కు కోడ్ పూర్తిగా అర్థమై ఉండాలి.

ఎంత కాలం పడుతుంది? రోజూ రెండు మూడు గంటలు కేటాయించే వారికి సీ నుంచి చిన్న లినక్స్ డ్రైవర్ దాకా దాదాపు ఏడాది అనుకోవచ్చు. బీటెక్ రెండో ఏడాదిలో మొదలుపెడితే క్యాంపస్ ప్లేస్‌మెంట్ల నాటికి చేతిలో ఓ ప్రాజెక్టు, నడిచే బోర్డు ఉంటాయి. ఇంటర్వ్యూకు ఆ బోర్డు పట్టుకెళ్లడం మర్చిపోవద్దు.